సమస్య: ‘పిండిమరయె మనకు వేద మొసఁగె’ – పూరణలు, సవరణలు

నిర్వాహకులు:
ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి:

*పిండిమరయె మనకు వేద మొసఁగె*

పిండి, మరయె, మనకు, వేద, మొసఁగె: అయిదూ సూర్యగణాలే (మూడు లఘువులు, లేదా గురువు-లఘువు). ‘పి’కి నాలుగో గణం మొదటి అక్షరం ‘వే’తో యతి (అక్షరాల పొత్తు). ప-వలకు మైత్రి ఉంది, ఇకారానికి ఏకారం చెల్లుతుంది కనుక అనుమానం అక్కర్లేదు.

విరుపు ఎక్కడుందో కూడా చెప్పేస్తాను. జర్మనీలో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ముల్లర్, అంటే పిండిమర నడిపేవాడు. ఉత్తరాన మోల్లర్, దక్షిణాన మిల్లర్, ముల్నర్ అన్న రూపాలూ ఉన్నాయి. ఏ ముల్లర్‌నైనా ఎంచుకోండి. ఒక్కటే షరతు: మరకూ వేదానికీ పొత్తు పద్యంలోనే కుదరాలి. కింద వివరణ రాసి నెగ్గుకొస్తామంటే ఒప్పుకోం.

పద్యపథికుడు:

*ఇంటిపేరు ముల్లరింటి వృత్తియు మర*
*సాయణీయ భాష్య సహితముగను*
*అచ్చులోకిఁ దెచ్చె నాఱు సంపుటముల*
*పిండిమరయె మనకు వేద మొసఁగె*

నిర్వాహకులు:
పథికుడు గారూ, గణాలూ యతులూ సరిగ్గా పడ్డాయి. రెండో పాదం చివర ‘ముగను’, మూడో పాదం మొదట ‘అచ్చు’. వాక్యం ముగియలేదు కనుక ఇది విసంధి, అంటే సంధి కావలసిన చోట కాకపోవడం. ‘నచ్చులోకిఁ దెచ్చె నాఱు’ అనండి. గణం మారదు, యతి కూడా చెడదు.

గ్రంథాలయవాసి:
ఛందస్సు కుదిరినా మొదటి పాదంలో చెప్పిన విషయం తప్పు. ఋగ్వేదాన్ని సాయణుడి వ్యాఖ్యతో అచ్చు వేయించిన మాక్స్ ముల్లర్ ఇంట్లో మర లేదు. తండ్రి విల్‌హెల్మ్ ముల్లర్ (1794–1827) డెస్సౌలో గ్రంథపాలకుడు, కవి. ఆ తండ్రికి తండ్రి దర్జీ. ఇంటిపేర్లు స్థిరపడింది మధ్యయుగాల్లో. ఆ తర్వాత కొడుకు ఏ పని పట్టినా పేరు మాత్రం పాతదే ఉండిపోయింది. 19వ శతాబ్దపు ముల్లర్‌ని పట్టుకుని ‘ఇంటి వృత్తి మర’ అనడం, ఇంటిపేరు కంసాలి అయిన ప్రతివాడి చేతిలోనూ సుత్తి పెట్టడమే.

ఇందులో మరో తమాషా ఉంది. మరలో పనికి కుదిరిన కుర్రాడు యజమాని కూతుర్ని వలచి భంగపడే పాటల వరుస రాసింది ఈ విల్‌హెల్మే. సంగీతకర్త షూబర్ట్ దానికి 1823లో స్వరాలు కట్టాడు. మాక్స్ పుట్టిందీ ఆ ఏడే.

పద్యపథికుడు:
ధన్యవాదాలండీ. మూడు పాదాలూ మార్చాను:

*తాత కుట్టుపనియె, తండ్రి కవియె; పేరె*
*మర యటంచు నిలిచె మాక్సు వెనుక;*
*సాయణోక్త భాష్య సంపుటాల నిడెను*
*పిండిమరయె మనకు వేద మొసఁగె*

నిర్వాహకులు:
ఇప్పుడు సమస్య విడింది. ‘పేరె మర’ అనగానే నాలుగో పాదంలోని వింత తొలగిపోయి చమత్కారం మిగిలింది. మొదటి రూపంకన్నా ఇది ఎన్నో రెట్లు మేలు. ‘ఆఱు’ పోయిందని బెంగపడకండి, సంఖ్య చెప్పకపోయినా సంపుటాలు సంపుటాలే.

ప్రాసవిరామం:
నాకు ‘మనకు వేద మొసఁగె’ దగ్గరే గుచ్చుకుంటోంది. వేదం మన దగ్గర ఉన్నదే కదా! ఘనపాఠుల నోట స్వరంతో సహా నిలిచినదాన్ని ఆక్స్‌ఫర్డులో ఉన్నాయన మనకివ్వడమేమిటి? ఇచ్చింది అచ్చు ప్రతి. పూరణలో అచ్చు, ముద్రణ, సంపుటం లాంటి మాట ఒకటి తప్పకుండా ఉండాలంటాను. లేకపోతే అర్థం అతిశయోక్తి దాటి అబద్ధమవుతుంది.

నిర్వాహకులు:
ఒప్పుకుంటాను. మాక్స్ ముల్లర్ మీద పూరించేవారు దీన్ని నియమంగానే తీసుకోండి.

గ్రంథాలయవాసి:
తేదీలు కావలసినవారికి: సాయణభాష్యంతో ఋగ్వేదం మొదటి సంపుటం 1849లో, ఆరోది 1874లో వెలువడ్డాయి. ఖర్చు తలకెత్తుకున్నది ఈస్టిండియా కంపెనీ. సంస్కృతంలో తన పేరును ‘మోక్షమూలర’ అని, ఆక్స్‌ఫర్డును ‘గోతీర్థం’ అని రాసుకున్నాడాయన. రెండో ముద్రణ 1890–92లో నాలుగు సంపుటాలుగా వచ్చింది. దానికి డబ్బు పెట్టింది మన విజయనగరం మహారాజు ఆనందగజపతి. నా పూరణ దాని మీదే:

*విజయనగరరాజు వెచ్చించె ధనమును*
*మోక్షమూలరునకు ముదము నింప*
*నాల్గు సంపుటాల నవ్యముద్రణ గల్గె*
*పిండిమరయె మనకు వేద మొసఁగె*

నిర్వాహకులు:
వాసి గారూ, ధార బాగుంది, ‘వి-వె’, ‘మో-ము’, ‘నా-న’ యతులు చక్కగా కుదిరాయి. విషయమూ మనకు దగ్గరిది. కానీ సమస్య విడలేదు! పద్యంలో రాజున్నాడు, ధనముంది, ముద్రణ ఉంది, మర లేదు. ‘మోక్షమూలరు’ అనేసరికి ముల్లర్ పూర్తిగా మరుగున పడ్డాడు. సంగతి ముందే తెలిసినవాడికి తప్ప నాలుగో పాదం ఊడిపడ్డట్టు ఉంటుంది. పూరణల్లో మనవాళ్లు తరచుగా పడే గొయ్యి ఇదే: మూడు పాదాల్లో చరిత్ర చెప్పి, నాలుగోదాన్ని తోకలా తగిలించడం.

తిరగలిరాయి:
పేరు జోలికి పోకుండా మర పనితోనే పూరించాను:

*క్రిందిరాయి స్థిరము, గీర్వాణ మూలమ్ము;*
*మీఁదిరాయి భాష్య మెలమిఁ దిరుగ*
*జల్లెడయ్యె నచ్చు, జాలువారెను పిండి;*
*పిండిమరయె మనకు వేద మొసఁగె*

ప్రాసవిరామం:
రూపకం భేషుగ్గా ఉంది. కానీ గింజ ఏదండీ? గింజ లేకుండా రాళ్లు తిప్పితే ఏమవుతుందో మర నడిపినవాళ్లకు తెలుసు. రాయికి రాయి ఒరుసుకుని గాట్లు అరిగిపోతాయి, రాతిపొడి పిండిలో కలుస్తుంది, నిప్పురవ్వలు లేచి కొయ్యకట్టడం అంటుకుంటుంది. జర్మన్ మరల్లో గింజ పోసే తొట్టి ఖాళీ కావస్తే దానంతటదే మోగే గంట కట్టేవారు. ఆ గంట మోగిందంటే మరవాడు నిద్రలోంచి లేచి పరుగెత్తాల్సిందే.

తిరగలిరాయి:
నిజమే, గింజ మర్చిపోకూడదు. మరో సంగతి కూడా ఉంది. రెండు రాళ్ల మధ్య సందు నడిమి కంత దగ్గర ఎక్కువ, అంచు దగ్గర కాగితం మందం. గింజ నడిమిలో పడి, గాట్ల వెంట నలుగుతూ అంచుకు చేరేసరికి పిండి అవుతుంది. నాలుగడుగుల రాయి నిమిషానికి నూరు, నూట ఇరవై చుట్ల దాకా తిరగొచ్చు. అంతకు మించితే పిండి వేడెక్కి రొట్టె పొంగదు. గింజలో తేమ ఎక్కువైతే పిండి ముద్దకట్టి గాట్లు పూడిపోతాయి. అప్పుడు పైరాయి ఎత్తి బోర్లించి, ఉలితో మళ్లీ గాట్లు కొట్టాల్సిందే. ఐఫెల్ కొండల్లో మాయెన్ దగ్గరి అగ్నిపర్వత శిలకు అంత గిరాకీ రావడానికి కారణం, అది సన్నని బెజ్జాలున్న రాయి. అరిగేకొద్దీ కొత్త బెజ్జాలు బయటపడి పదును నిలుస్తుంది. రైను నది మీద పడవల్లో ఆ రాళ్లు ఇంగ్లండు దాకా వెళ్లేవి.

సవరణ:

*ప్రతులె గింజ లయ్యె, భాష్య మూలమ్ములు*
*మీఁది క్రింది రాళ్లు మెలఁగి పొసఁగ*
*జల్లెడయ్యె నచ్చు, జాలువారెను పిండి;*
*పిండిమరయె మనకు వేద మొసఁగె*

నిర్వాహకులు:
‘భాష్య మూలమ్ములు – మీఁది క్రింది రాళ్లు’: క్రమాలంకారం దానంతటదే కుదిరింది. ‘ప్ర-భా’ యతి సరి. గింజలంటే పారిస్, లండన్ భాండాగారాల్లో ఆయన పోల్చి చూసిన రాతప్రతులు, కాబట్టి వాస్తవానికీ దూరం కాదు. ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు నచ్చింది ఇదే.

నభోగణితం:
1436లో ఫ్రాంకోనియాలోని కోనిగ్స్‌బర్గులో పుట్టిన ఖగోళ గణితజ్ఞుడు యోహాన్నెస్ ముల్లర్ మీద. ఊరి పేరును లాటిన్ చేసి రెజియోమొంటానస్ అన్నారు. న్యూరెంబర్గులో సొంత అచ్చుకూటం పెట్టి, 1474లో గ్రహాల రోజువారీ స్థానాల పట్టికలు అచ్చు వేశాడు.

*గగన గణిత గతుల గణియించి ముద్రించె;*
*మరయె యింటిపేరు మాన్యునకును;*
*వేదనేత్ర మండ్రు విబుధులు జ్యోతిషం;*
*పిండిమరయె మనకు వేద మొసఁగె*

ప్రాసవిరామం:
‘విబుధులు’లో ‘లు’ తర్వాత ‘జ్యో’ వచ్చింది. సమాసం కాదు కనుక లఘువే, నలం (నాలుగు లఘువులు). ఎవరైనా గురువని పట్టుబట్టినా నగం (మూడు లఘువులు, ఒక గురువు) అవుతుంది, అదీ ఇంద్రగణమే. తప్పించుకున్నారు! అర్థంలో మాత్రం చిన్న పేచీ: కన్ను ఇస్తే మనిషిని ఇచ్చినట్టా? అంగం చెప్పి అంగిని తీసుకోమంటున్నారు. లక్షణతో సరిపెట్టుకోవచ్చు గానీ, ‘మాన్యునకును’లో చివరి ‘ను’ పూరకమే.

సాక్సనీగోడు:

*మొదట వచ్చువాఁడె ముందుగ విసురును*
*సాక్సనీ జనాల చట్టమందు;*
*మరనుఁ బుట్టు పలుకు మనువుమాటగ నిల్చెఁ*
*పిండిమరయె మనకు వేద మొసఁగె*

13వ శతాబ్దంలో ఐకె ఫాన్ రెప్‌గౌ కూర్చిన సాక్సనుల ధర్మసంగ్రహంలో ఈ నియమం ఉంది: మరకు ముందు వచ్చినవాడు ముందు విసురుకోవాలి. ఇప్పటికీ జర్మన్లు వరుసలో నిలబడ్డప్పుడు అనే సామెత అదే.

నిర్వాహకులు:
ముల్లర్ పేరు లేకుండానే విడదీశారు, ‘వేదం’ అంటే ప్రమాణం. బాగుంది. ‘నిల్చెఁ / పిండి’: అరసున్న పెట్టారంటే ద్రుతం (పదం చివరి నకారం) ఒప్పుకున్నట్టే, అప్పుడు పకారం బకారమై ‘బిండి’ కావాలి. ఇచ్చిన పాదాన్ని ముట్టుకోవద్దనుకుంటే అక్కడ వాక్యం ఆపి ‘నిల్చె;’ అనండి. ‘సా-చ’ యతికి ఢోకా లేదు.

బంతాట:

*గెర్డు ముల్లరాట గెలుపించె జర్మనీఁ*
*గప్పు తెచ్చిపెట్టెఁ గాలి తన్ను*
*ఆటగాళ్లకెల్ల నతని గోలె పాఠము*
*పిండిమరయె మనకు వేద మొసఁగె*

ప్రాసవిరామం:
మూడో పాదం చివర గణం చెడింది. ‘నతనిగో’ నగం, తర్వాత ‘లెపాఠము’ లఘువు-గురువు-లఘువు-లఘువు. అలాంటి ఇంద్రగణం లేదు. ‘నతని యాటె బడియె’ అంటే నగం, నలం. ‘తన్ను / ఆట’ దగ్గర వాక్యం ముగిసింది కనుక పట్టించుకోను. మర ప్రస్తావన ఇందులోనూ లేదు, కానీ ‘ముల్లర్’ ఉంది కనుక సగం మార్కులు.

బంతాట:
మార్చానండీ. ఫుట్‌బాల్‌లో పశ్చిమ జర్మనీకి 62 ఆటల్లో 68 గోల్స్ కొట్టినవాడికి సగం మార్కులేనా! 1974లో మ్యూనిక్‌లో ప్రపంచకప్ ఫైనల్లో నెదర్లాండ్స్ మీద గెలుపు గోల్ చూడండి. బంతి కాస్త వెనక పడింది. పొట్టి మనిషి, నడుము కిందికి బరువు, అందుకే అక్కడికక్కడే తిరిగి నేలబారుగా తన్నగలిగాడు. ‘కాలి తన్ను’ అన్నది అందుకే.

నిర్వాహకులు:
‘తిరిగి’ అన్నారుగా, ఆ మాట పద్యంలోకి తెస్తే మరకు ముడి పడుతుంది. మొదటి పాదంలో ‘గెలుపించె జర్మనీఁ’ తీసేసి ప్రయత్నించండి. ‘గి, గె, కి, కె’లతో మొదలయ్యే రెండు ఇంద్రగణాలు చాలు. గడువు ఆదివారం రాత్రి దాకా ఉంది.