“దేశి సరుకుల నమ్మవలెనోయ్”: అమ్మడమా, నమ్మడమా?

గురజాడవారి ‘దేశభక్తి’ గీతంలోని ఈ పాదానికి “స్వదేశీ వస్తువులనే నమ్ముకోవాలి” అని కొందరు మిత్రులు చెప్పే అర్థాన్ని నేను అంగీకరించలేను. “సరుకులన్” అన్న ద్వితీయ చివరి నకారం “అమ్మవలెను”తో కలిసి “సరుకుల నమ్మవలెను” అయింది. ముత్యాలసరం నడక రెండు అర్థాలకూ సరిపోతుంది కనుక ఇక్కడ ఛందస్సు తీర్పు చెప్పదు. పక్క పాదాలు చెబుతాయి. ముందు “అన్ని దేశాల్ క్రమ్మవలెనోయ్” అనీ, వెనుక “డబ్బు తేలేనట్టి నరులకు” అనీ ఉండగా నడుమ ఉన్నది అమ్మకమే.

గిడుగువారు పాఠాలు చెప్పిన, ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఈ పాదం పుస్తకంలోని మాట మాత్రమే కాదు. పశువుల కొమ్మును కాచి, వంచి, కొంగగానో రొయ్యగానో మలిచి, అద్దంలా మెరిసేదాకా నునుపు పెట్టే పనివారికి ఊళ్లో దొరికే బేరం ఎంత? సరుకు పొలిమేర దాటితేనే వారికి కూలి గిడుతుంది.

తప్పు అర్థం ఇంత సులువుగా చెల్లిపోవడానికి కారణం కాలం గాలి అని నా అభిప్రాయం. 1991లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం లైసెన్సుల పట్టు సడలించి, సుంకాలు తగ్గించినప్పుడు ఉదార ఆర్థిక చింతనకు, అంటే వ్యాపారానికి స్వేచ్ఛ ఉండాలనే ఆలోచనకు, దక్కిన గౌరవం ఇప్పుడు లేదు. 2019లో మన దేశం ఆసియా-పసిఫిక్ దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందమైన ఆర్‌సెప్ నుంచి తప్పుకుంది; స్వేచ్ఛా వాణిజ్యాన్ని లోకానికి బోధించిన అమెరికాయే సుంకాల బాట పట్టింది. విశ్వవిద్యాలయాలలోనూ 2008 సంక్షోభం తరువాత విపణిపై విశ్వాసం సన్నగిల్లింది. చైనా దిగుమతుల ధాటికి అమెరికాలోని కొన్ని ప్రాంతాలు ఉపాధి కోల్పోయిన తీరును ఆర్థికవేత్తలు ఆటర్, డోర్న్, హ్యాన్సన్ 2013లో చూపారు. ఆ ప్రశ్నకు ఉదారవాదులు జవాబు చెప్పి తీరాలి, కొట్టిపారేస్తే కుదరదు. “సొంత లాభం కొంత మానుకు” అన్నదీ ఈ గీతమే కదా!

రాజకీయాలలో ఉదారవాదుల గొంతు పలచబడటం నన్ను మరింత బాధిస్తుంది. రాజాజీ 1959లో స్థాపించగా మన ఎన్.జి. రంగా అధ్యక్షత వహించిన ఉదారవాద స్వతంత్ర పార్టీ 1967లో లోక్‌సభలో 44 స్థానాలు గెలిచింది. అదే ఏడు మా ఒడిశాలో ఆ పార్టీ నాయకుడు ఆర్.ఎన్. సింగ్ దేవ్ ముఖ్యమంత్రి అయ్యారు. 1974లో అది మరో పార్టీలో కలిసిపోయింది. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29ఏ సెక్షన్ ప్రకారం 1989 నుంచి నమోదు కోరే ప్రతి పార్టీ సోషలిజానికి కట్టుబడతామని రాసివ్వాలి కనుక, అటువంటి పార్టీ నేడు పుట్టాలన్నా తన సిద్ధాంతాన్ని తానే కాదనుకుని సంతకం పెట్టవలసి ఉంటుంది.