ఘంటసాల భగవద్గీతను చావులకే వదిలేద్దామా?

సునాబెడా శ్రోత:
సూటిగా అడుగుతున్నాను. ఘంటసాల గారి భగవద్గీత మన ఇళ్లలో ఎందుకు వినిపించడం లేదు? మా ఒడిశాలో కొరాపుట్ అయినా, జయపురం అయినా, తెలుగువాళ్ల వీధిలో ఆ గొంతు మైకులో వచ్చిందంటే "ఎవరు పోయారు?" అంటూ జనం గుమ్మాల్లోకి వస్తారు. ఆదివారం పొద్దున మా ఇంట్లో పెడితే మా పెద్దమ్మ "శుభమా అని తెల్లారితే అదేంటిరా, తీసేయ్" అంది.

ఆయన 1974 ఫిబ్రవరి 11న పోయారు, 51 ఏళ్లకే. ఈ రికార్డు ఆ తర్వాత వచ్చింది. 700 శ్లోకాల్లోంచి ఏరినవి పాడి, ప్రతి శ్లోకానికీ తెలుగు తాత్పర్యం తానే చెప్పారు. నా మటుకు నాకు, సినిమా పాటలన్నీ పక్కన పెట్టినా ఈ ఒక్క ఆల్బమ్ చాలు ఆయన్ని తలుచుకోవడానికి. మొదట్లో అర్జునుడి దిగులు దగ్గర ఆ గొంతు ఎలా ఉందో, విశ్వరూపం దగ్గరికొచ్చేసరికి ఎంత పెద్దదవుతుందో వినండి. అలాంటి పనిని తీసుకెళ్లి శవయాత్ర బండికి కట్టేశాం. బండ్లవాళ్లు ఇకనైనా మానాలి.

రాయగడ వాసి:
మానమనడానికి మనమెవరం అన్నా? మా నాన్న పోయిన రోజు మా అమ్మను ఎవరూ ఓదార్చలేకపోయారు. "జాతస్య హి ధ్రువో మృత్యుః", పుట్టినవాడికి చావు తప్పదని ఆయన చెప్తుంటే విని కాస్త నిమ్మళించింది. ఆ మాట గీతలోనే ఉంది కదా. అక్కడ కాకపోతే ఇంకెక్కడ వేస్తారు?

బరంపురం పాత రికార్డులు:
నేను అసలు సంగీతం గురించే మాట్లాడతాను, కోపం తెచ్చుకోకండి. గీత ఆయన ఉత్తమమైన పని కాదు. ఆరోగ్యం దెబ్బతిన్న రోజుల్లో పాడింది. గొంతు బరువెక్కింది, పైస్థాయికి వెళ్లాల్సిన చోట ఆచితూచి వెళ్తుంది. కరుణశ్రీ పద్యాలు పాడిన పుష్పవిలాపం రికార్డు పక్కన పెట్టి వినండి, తేడా తెలుస్తుంది. గీతలో ఇంకో ఇబ్బంది ఉంది. శ్లోకం మీద మనసు కుదిరేలోపు తాత్పర్యం చెప్పే వచనం వచ్చి రాగాన్ని తెంపేస్తుంది. భక్తి వల్ల ఈ మాట ఎవరూ బయటికి అనరు గానీ నాకు మాత్రం ప్రతిసారీ అక్కడే ధ్యాస చెదురుతుంది.

సాలూరు మాస్టారు:
బాబూ, పద్యాన్నీ శ్లోకాన్నీ ఒక్క గాటన కట్టకండి. పద్యంలో రాగం తియ్యడానికి చోటుంటుంది. గీతలో ఎక్కువ భాగం అనుష్టుప్పు అనే ఛందస్సు, ఎనిమిదేసి అక్షరాల పాదాలు నాలుగు. అందులో సంగతులు వేస్తూ, అంటే ఒకే పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడుతూ పోతే మాట మునిగిపోతుంది. ఆయన కావాలనే తగ్గించి పాడారు.

ఘంటసాల విజయనగరం సంగీత కళాశాలలో నేర్చుకున్నది మా సాలూరు పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర. శాస్త్రి గారి అబ్బాయి సంగీతరావు గారు చాలా ఏళ్లు హార్మోనియంతో ఘంటసాల వెంటే ఉన్నారు. సాహిత్యం వినపడాలి, భావం తగలాలి అనే ఆ పట్టుదల నాకు గీతలో అడుగడుగునా వినిపిస్తుంది. గొంతు బరువంటారా, ఆ బరువు ఉంది కాబట్టే కృష్ణుడు చెప్తున్నట్టు నమ్ముతాం. 1950ల నాటి గొంతుతో పాడి ఉంటే అర్జునుడు బాగా కుదిరేవాడు, కృష్ణుడు ఇంతగా కుదిరేవాడు కాదు.

బరంపురం పాత రికార్డులు:
కృష్ణుడి సంగతి ఆలోచించాల్సిందే మాస్టారూ. వచనం గురించి మాత్రం నా అభిప్రాయం అదే.

సునాబెడా శ్రోత:
ఆ వచనాన్ని తీసేస్తే మా పిల్లలకు ఏం మిగులుతుందండీ? ఇక్కడ చదువు ఒడియాలోనో ఇంగ్లీషులోనో. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని కూడా చదవలేరు, వింటే మాత్రం అర్థం చేసుకుంటారు. ఇంట్లో మేం మాట్లాడే తెలుగులో సగం ఒడియా కలిసిపోయింది. అంత నిండైన తెలుగు, అంత స్పష్టమైన ఉచ్చారణతో వాళ్ల చెవిన పడేది ఆ తాత్పర్యంలోనే.

గుణుపురం కోడలు:
నాది పార్వతీపురం, ఒడియా ఇంటికి కోడలిగా వచ్చాను. మా మామగారు రోజూ సాయంత్రం జగన్నాథ దాసు ఒడియా భాగవతం చదువుతారు. 16వ శతాబ్దపు గ్రంథం. దాన్ని చదువుకోవడానికే ఊళ్లలో భాగవత టుంగీలు కట్టుకున్నారు. ఎవరైనా చివరి ఘడియల్లో ఉంటే మంచం పక్కన కూర్చుని చదివేది కూడా ఆ భాగవతమే. అయినా దాన్ని చావు పుస్తకం అని ఎవరూ అనరు, ఎందుకంటే రోజూ వింటారు. మనం గీతను రోజూ వినడం మానేసి, చావు రోజున మాత్రం ఉంచుకున్నాం. తప్పు బండివాళ్లది కాదు సార్.

నేను ఘంటసాల గీత పెడితే మా అత్తగారు బియ్యం ఏరుకుంటూ వింటారు. తాత్పర్యం అర్థం కాదు, శ్లోకాలు తెలిసినవే. ఆవిడకు ఏ శంకా లేదు. మా అమ్మ వచ్చినప్పుడే ఆపమంటుంది!

రాయగడ వాసి:
నేను చెప్పాలనుకున్నది మీరు చెప్పారు అక్కా. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం రికార్డు 1963లో వచ్చింది, ఇప్పటికీ పొద్దున వింటున్నాం. అలవాటు మనం చేసుకున్నదే.

సునాబెడా శ్రోత:
రోజూ వినాలన్నదానికి నేనూ సరే. బండ్ల విషయంలో నా మాట మారదు. హారన్ స్పీకర్లో గొంతు చీలిపోయి వస్తుంది, శ్లోకం మధ్యలో ఆపేస్తారు, మళ్లీ మొదటికి తిప్పుతారు. ఓదార్పు కోసమైతే కనీసం శుభ్రంగా, పూర్తిగా వేయండి. మా పెద్దమ్మను ఎలా ఒప్పించాలో మాస్టారు చెప్పాలి.

సాలూరు మాస్టారు:
రెండో అధ్యాయంతో మొదలుపెట్టకండి, ఆ "జాతస్య హి" శ్లోకం అందులోదే, అందరి భయమూ అక్కడే. పదిహేనో అధ్యాయం పెట్టండి. అందులో "అహం వైశ్వానరో భూత్వా" వస్తుంది, మన పెద్దవాళ్లు అన్నం ముందు చెప్పుకునే శ్లోకం. మధ్యాహ్నం విస్తరి వేసే వేళకు పెట్టండి, ఆవిడే గొంతు కలుపుతారేమో చూడండి.