బ్లూరే ప్లేయర్‌లో యాప్‌లు ఆగిపోతున్నాయి, అక్క పంపిన డిస్కులు ఆడట్లేదు: ఏం చేయాలి?

నమస్తే అండీ. మా ఇంట్లో తక్కువ ధరకు కొన్న బ్లూరే ప్లేయర్ ఉంది, నెట్ యాప్‌లు కూడా అందులోనే ఉంటాయి. డిస్క్ పెడితే బొమ్మ చాలా బాగుంటుంది, ఆ విషయంలో వంక పెట్టలేను. నెట్ వీడియో పెడితే మాత్రం కాసేపు ఆడి, గుండ్రంగా తిరుగుతూ ఆగిపోతుంది, ప్లగ్ తీసి మళ్ళీ పెడితేగానీ కదలదు. దీనికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే పడుతుంది, అపార్ట్‌మెంట్‌లో చుట్టూ అందరి రౌటర్లూ అదే బ్యాండ్‌లో ఉన్నాయి కాబట్టి ల్యాన్ కేబుల్ వేస్తే కుదురుతుందా, లేక లోపల మెమరీయే చాలట్లేదా?

రెండోది నాకు ముఖ్యం. అమెరికా నుంచి అక్క నాన్న కోసం పంపిన డిస్కుల్లో కొన్ని ఆడట్లేదు. డిస్క్ ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో చెప్పే రీజియన్ కోడ్ చూస్తే, అక్కడి డీవీడీలు రీజియన్ 1, మనవి 5. బ్లూరేకైతే అక్కడ ఏ, ఇక్కడ సీ. రిమోట్‌తో కోడ్ కొట్టి రీజియన్ మార్చొచ్చని షాపతను అన్నాడు, కోడ్ మాత్రం చెప్పలేకపోయాడు. అలా మార్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? డీవీడీకి మారితే బ్లూరేకి కూడా మారుతుందా? ఫర్మ్‌వేర్ (ప్లేయర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే మళ్ళీ లాక్ అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది, అందుకే అప్‌డేట్ ముట్టుకోలేదు.

యాప్‌లకు టీవీకి పెట్టుకునే స్ట్రీమింగ్ స్టిక్ వేరే కొనుక్కోమంటే కొంటాను, ప్లేయర్ మాత్రం మార్చను. నాన్నకి ఈ రిమోట్ అలవాటైంది.