హర్స్టన్ రాసిన యాస: నల్లవారి గొంతా, తెల్లవారికి వినోదమా?

చర్చాంశం
న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో 1920లలో సాగిన నల్లవారి సాహిత్యోద్యమంలో ఎదిగిన అమెరికన్ నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్స్టన్ 1937లో వెలువరించిన ‘దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్’ నవలలో పాత్రలు ఫ్లోరిడా నల్లవారి యాసలోనే మాట్లాడతాయి. నల్లవారిని ఎగతాళి చేసే మినిస్ట్రెల్ రంగస్థల ప్రదర్శనలు వారికి బలవంతంగా అంటగట్టిన వేషాన్ని ఈమె కోరి వేసుకున్నారని, అది తెల్లవారిని నవ్వించడానికేనని నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్ అదే ఏడాది ‘న్యూ మాసెస్’ అనే వామపక్ష పత్రికలో విమర్శించారు. ఆ మాట న్యాయమేనా?

మొదటి సమాధానం
న్యాయం కాదనే నా అభిప్రాయం. మినిస్ట్రెల్ నటుడు ముఖానికి మసి పూసుకుని, ఎదుట కూర్చున్న తెల్లవారి కోసం నల్లవారి మాటను వంకర తిప్పేవాడు. ఈ నవలలో ఆ మాట ఎవరి చెవిన పడుతోందో గమనించండి. ఊరంతా చెవులు కొరుక్కుంటుండగా బురద పట్టిన బట్టలతో తిరిగివచ్చిన కథానాయిక జేనీ, స్నేహితురాలు ఫీబీ గిన్నెలో తెచ్చిన అన్నం తిని, పెరటి మెట్ల మీద కూర్చుని తన కథంతా ఆమెకే చెబుతుంది. అంతకుముందు భర్త జో స్టార్క్స్ తన దుకాణం అరుగు మీద మగవాళ్లు కంచరగాడిద గురించి అల్లే కబుర్లలో ఆమెను నోరు విప్పనివ్వలేదు. ఆ యాసలో మాట్లాడే హక్కు ఎవరిదన్నదే ఇక్కడి తగవు.

రెండో సమాధానం
రైట్ భయానికి ఆధారం లేకపోలేదు. తెల్ల విమర్శకుడు విలియం డీన్ హోవెల్స్ 1896లో నల్లజాతి కవి పాల్ లారెన్స్ డన్బార్ యాస కవితలనే ప్రత్యేకంగా మెచ్చుకోవడంతో, ఆ కవి మిగిలిన కవిత్వం మరుగున పడింది. ఆ యాసలో పూర్తిగా పలికేవి హాస్యం, కరుణ రెండేనని నల్లజాతి రచయిత జేమ్స్ వెల్డన్ జాన్సన్ 1922లోనే రాశారు. పైగా షార్లెట్ ఆస్‌గుడ్ మేసన్ అనే తెల్ల ధనికురాలు హర్స్టన్‌కు నెలకు 200 డాలర్లు ఇస్తూ, ఆమె సేకరించిన జానపద కథలపై హక్కును తన దగ్గరే ఉంచుకున్నారు. డబ్బిచ్చేవారి అభిరుచి రాతలోకి రాదని ఎలా అనగలం?

మళ్లీ మొదటి సభ్యుడు
మేసన్ ప్రస్తావన సరైనదే, నేను దాన్ని వదిలేయడం లోపమే. అయితే ఆ పోషణ 1932 నాటికి ముగిసింది. నవలను హర్స్టన్ 1936లో హైతీలో ఉండగా ఏడు వారాల్లో రాశారు. జాన్సన్ అభ్యంతరం కూడా ఇంగ్లీషు వర్ణక్రమాన్ని విరిచి యాస అనిపించే పద్ధతి మీదే ఎక్కువ. ఫ్లోరిడాలో తాను పెరిగిన నల్లవారి ఊరు ఈటన్‌విల్ అరుగుల మీద చిన్ననాటి నుంచి విన్న పలుకుబడి హర్స్టన్‌ది. జేనీ అమ్మమ్మ, బానిసగా పుట్టిన మనిషి, తనకు తెలిసినంతలో నల్లజాతి స్త్రీయే ఈ లోకానికి కంచరగాడిద అని అదే యాసలో అంటుంది. ఆ వాక్యం దగ్గర ఏ తెల్ల పాఠకుడు నవ్వగలడో రైట్ పక్షాన ఉన్నవారు చెప్పాలి.