జల్డుకొనా, జల్దుకొనా? పెయింటరు కూర్చున్నాడు, తొందరగా చెప్పండి

నాగావళి: పెద్దలకి నమస్కారం. మా అమ్మ టెక్కలి చుట్టుపక్కల ఊళ్లలో టీచరుగా చేసి రిటైరైంది. వచ్చే వారం సంవత్సరీకం. చివర పనిచేసిన బడికి ఆవిడ పేరున పుస్తకాల బీరువా ఇస్తున్నాం. దానిమీద అమ్మ ఎప్పుడూ అనే పాదం రాయిద్దామని అనుకున్నాం. గురజాడ దేశభక్తి గేయంలో 'ఈసురోమని' తరవాత వచ్చేది. '... కళలెల్ల నేర్చుకు దేశి సరుకులు...' మొదటి మాట జల్డుకొనా, జల్దుకొనా? అమ్మ పాఠాల నోటుపుస్తకం 2018 తిత్లీ తుఫానుకి పెంకులు లేచిపోయి తడిసింది. పేజీలు విడదీసి దండేనికి బట్టల క్లిప్పులు పెట్టి ఆరబెట్టుకుంది గానీ, సరిగ్గా ఆ ఒత్తు దగ్గరే సిరా పాకి శనగగింజంత నీలం మచ్చయింది.

గంటస్తంభం: డ. ఇందులో చర్చేముంది? విజీనగరంలో పుట్టినవాణ్ణి, చిన్నప్పట్నుంచీ జల్డుకొని అనే విన్నాను.

పాతపుస్తకాల పిచ్చి: విజీనగరంలో పుడితే చాలా అండీ? మహాకవి పుట్టింది ఎస్. రాయవరంలో. అచ్చయిన పుస్తకాల్లో డ ఉన్న మాట నిజమే. కానీ ఇది జల్దీ నుంచి వచ్చిన మాట, త్వరపడి అని అర్థం, కాబట్టి ద ఉండాలి. ఒత్తులో ద కీ డ కీ తేడా ఎంత, చిన్న గీత. కంపోజింగులో ఒకసారి పొరపాటు పడితే తరవాతి వాళ్లందరూ దాన్నే మోశారు.

పద్యం వాసు: ఛందస్సు చూద్దాం. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికీ ఒత్తుకి ముందున్న అక్షరానికీ రెండు. జల్డు మూడు, కొనికళ నాలుగు, లెల్ల మూడు, నేర్చుకు నాలుగు. పద్నాలుగు మాత్రలు, గురజాడ వాడిన ముత్యాలసరం ఛందస్సు లెక్క సరిపోయింది. దుర్దృష్టం ఏంటంటే ద పెట్టినా ఇదే లెక్క. ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు.

వంశధార: నాకొక అనుమానం. జల్లెడ సంగతేమో ఆలోచించారా? కళలన్నీ జల్లెడ పట్టి మంచివి నేర్చుకోమని. మా వైపు ఆడవాళ్లు బియ్యం జల్డు పడతారు.

పద్యం వాసు: 'జల్లించి కళలెల్ల' అని పాడి చూడండి, మూడో మాత్ర దగ్గర గొంతులో ముల్లు గుచ్చుకుంటుంది.

వంశధార: జల్లించి అని నేనెక్కడన్నాను మేష్టారూ? జల్డుకొని అన్నా అర్థం అదే కావచ్చు అంటున్నా.

నాగావళి: జల్లెడ కాదనుకుంటానండి. అమ్మ ఆ మాటని మాటలాగే వాడేది. పొద్దున్న బడికి వెళ్లేముందు మా ఇద్దరి జడలు ఒక చేత్తో, ఉప్మా గరిటె ఇంకో చేత్తో, 'జల్డుకోండే, బస్సెళ్లిపోద్ది' అనేది. డ అనేదా ద అనేదా అంటే ఇప్పుడు చెవిలో ఎంత వెతుక్కున్నా దొరకట్లేదు. నాన్న పోయేసరికి నాకు ఎనిమిదేళ్లు, చెల్లికి ఆరు, తమ్ముడు ఒడిలో ఉన్నాడు. మామయ్యలు వచ్చి తీసుకెళ్తామంటే, 'జీతం ఒకటో తారీకు వస్తుంది, నేనెక్కడికీ రాను' అంది. ఎవరైనా ఇంట్లో మగదిక్కు లేదా అని అడిగితే, 'ఉన్నాడు, ఇంకా పాలు మానలేదు' అనేది. అడిగినవాళ్లు మళ్లీ అడిగేవారు కాదు.

గంటస్తంభం: అలాంటి టీచరమ్మలు ఇప్పుడెక్కడండీ. సరే, బస్సు కోసం అన్నారంటే తొందరే కదా. పాతపుస్తకాల గారూ, అర్థం మీదే. అక్షరం నాదే.

పాతపుస్తకాల పిచ్చి: అర్థం ఒప్పుకున్నాక అక్షరం ఎలా మీదవుతుంది? అమ్మగారు ఆ పాట విని నేర్చుకున్నారా, చదివి నేర్చుకున్నారా, ముందు అది తేలాలి. గురజాడ చెవిని నమ్మిన కవి. 'వొట్టి మాటలు కట్టిపెట్టోయ్' లో వొ చూడండి, నోట్లో ఉన్నట్టే రాశాడు. ఒట్టి అని దిద్దిన పుస్తకం కనిపిస్తే నాకు అన్నం సయించదు.

సిక్కోలు పండిట్: ఆ చెవి ఒక్క గురజాడదే అన్నట్టు మాట్లాడకండి. గిడుగు వారిది మా పర్వతాలపేట. ఇద్దరూ విజయనగరంలో కలిసి చదువుకున్నారు. గిడుగు పర్లాకిమిడిలో మేష్టారుగా ఉంటూ సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, 1931లో దానికి మాన్యువల్ వేశాడు. పిల్లవాడి నోట్లో ఏముందో ముందు వినమన్న మేష్టారు ఆయన.

నాగావళి: అమ్మ మొదటి పోస్టింగు సీతంపేట ఏజెన్సీలోనే. సవర పిల్లలకి తెలుగు అక్షరాలు చెప్పడానికి ముందు వాళ్ల దగ్గర చెట్టుకీ పిట్టకీ పేర్లు అడిగి రాసుకుందట. ఆ నోటుపుస్తకం కూడా ఉండేది. అది మాత్రం తిత్లీకి ముద్దయిపోయింది.

సిక్కోలు పండిట్: అయ్యో. ఆ పోయిన పుస్తకమే అసలు కావలసింది, ఇది కాదు.

పద్యం వాసు: పక్కదారి పట్టాం. ఆ పాదం చివర ఏం రాయిస్తున్నారు, నించవోయా, నింపవోయా? అది ఇంకా పెద్ద గొడవ.

నాగావళి: నించవోయ్ అనే మాకు నేర్పింది. నేను మాత్రం సరుకులన్నీ బెంచీ మీద నించున్నాయని అనుకునేదాన్ని, ఎందుకంటే ఎక్కాలు తప్పితే మమ్మల్ని అలాగే నించోబెట్టేది, సొంత పిల్లలమని మినహాయింపు లేదు. ఒకరోజు అదే అడిగేశాను. క్లాసు మొత్తం నవ్వింది. తను నవ్వలేదు. సుద్దముక్కతో బోర్డు మీద కుండ బొమ్మ వేసి, సగం దాకా గీతలు గీసి, 'ఇదిగో, నించడం అంటే ఇది' అని పైదాకా గీసింది.

గంటస్తంభం: నించు అంటే నింపే, పాత కావ్యాల మాట. వాడుక భాష కవి గ్రాంథికపు మాట వాడాడని ఇప్పుడు వ్యావహారికవాదులు ఏడవాలి.

వంశధార: ఎవరూ ఏడవక్కర్లేదు, మా నాయనమ్మ బిందె నించు అనేది. ఆవిడ ఏ కావ్యమూ చదవలేదు.

పాతపుస్తకాల పిచ్చి: మీ నాయనమ్మా, ఇందాకటి జల్డూ ఒకే ఊరివా? కొంచెం అనుమానంగా ఉంది.

నాగావళి: పెయింటరు రెండు టీలు తాగేశాడు, సాయంత్రం పలాసలో ఇంకో పని ఉందంటున్నాడు. ఇది తేలేలా లేదు గానీ, వేరే పాదం రాయించేస్తున్నాను. బళ్లో మధ్యాహ్న భోజనం లేని రోజుల్లో అమ్మ రెండు క్యారియర్లు తీసుకెళ్లేది, ఒకటి మాది. రెండోది ఎవరిదో ఏ రోజుకారోజు తేలేది. అందుకని 'తిండి కలిగితే కండ కలదోయ్'. ఇందులో గొడవేం లేదు కదా?

పద్యం వాసు: ఆగండాగండి! కలిగితే కాదు, కలిగితె. హ్రస్వం. దీర్ఘం పెడితే పదిహేను మాత్రలవుతాయి. రంగు ఆరకముందే చెప్పండి అతనికి.