ఒకే ట్రిగ్గర్, రెండు ఫ్లాష్‌లు: హెచ్‌ఎస్‌ఎస్‌లో ఒకటి పనిచేసి ఇంకొకటి ఎందుకు పనిచేయదు?

ప్రశ్న

నమస్కారం. మిట్టమధ్యాహ్నపు ఎండలో, నేపథ్యం మసకబారేలా ఎఫ్/2.8 దగ్గర పోర్ట్రెయిట్లు తీయడానికి ప్రయత్నిస్తున్నాను. ఐఎస్‌ఓ 100 పెట్టినా షట్టర్ స్పీడ్ 1/3200 దాకా పోతోంది. నా కెమెరా సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో మామూలుగా వాడగల గరిష్ఠ షట్టర్ వేగం) మాత్రం 1/200. అందుకని హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ సింక్, అంటే సింక్ స్పీడ్‌ను మించిన వేగంలోనూ ఫ్లాష్ వాడే పద్ధతి) ఉన్న వైర్‌లెస్ ట్రిగ్గర్, రెండు రిసీవర్లు తీసుకున్నాను. కెమెరా కంపెనీదే అయిన టీటీఎల్ ఫ్లాష్ (లెన్స్ గుండా వచ్చే వెలుతురు కొలతను బట్టి పవర్ దానంతట అదే సర్దుకునేది) ఫ్రేమంతా వెలుతురు ఇస్తోంది గానీ, పాత మాన్యువల్ ఫ్లాష్ వెలుతురు ఒక అంచున సన్నని పట్టీలా మాత్రమే పడుతోంది. పైగా పనిచేస్తున్న ఫ్లాష్ కూడా ఫుల్ పవర్‌లో చాలడం లేదు. లోపం ట్రిగ్గర్‌లో ఉందా, నా సెట్టింగుల్లో ఉందా?

జవాబు 1

రెండింటిలోనూ లేదు. 1/200 వరకు షట్టర్‌లోని రెండు కర్టెన్లలో (తెరలలో) మొదటిది పూర్తిగా తెరుచుకున్న తరువాతే రెండోది కదులుతుంది కాబట్టి, సెన్సార్ మొత్తం తెరిచి ఉన్న ఆ క్షణంలో ఒక్క మెరుపు మెరిస్తే సరిపోతుంది. అంతకు మించిన వేగంలో మొదటి కర్టెన్ అవతలి అంచు చేరకముందే రెండోది బయలుదేరుతుంది. వాటి నడుమ ఉన్న సన్నని సందు మాత్రమే సెన్సార్ మీదుగా సాగిపోతుంది. అది సాగినంతసేపూ వెలుతురు ఆగకూడదు గనుక, హెచ్‌ఎస్‌ఎస్ ఫ్లాష్ సెకనుకు వేల లెక్కన చిన్న చిన్న మెరుపులను వరుసగా విడుదల చేస్తుంది. ఒలింపస్ 1986లోనే ఎఫ్280 ఫ్లాష్‌తో ఈ పద్ధతిని తెచ్చింది. ట్రిగ్గర్ చేసేదల్లా కబురు చేరవేయడమే. అలా మెరిసే సర్క్యూట్ ఫ్లాష్‌లోనే ఉండాలి. మీ పాత ఫ్లాష్‌లో అది లేదు. దానికి తెలిసినది హాట్ షూ (ఫ్లాష్‌ను బిగించే గాడి) నడిమి కాంటాక్ట్ నుంచి వచ్చే ‘వెలుగు’ అన్న ఒక్క ఆజ్ఞ మాత్రమే. కాబట్టి ఎంత ఖరీదైన ట్రిగ్గర్ పెట్టినా ఆ పట్టీ పోదు.

జవాబు 2

పవర్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే చాలామంది నిరాశపడి హెచ్‌ఎస్‌ఎస్‌ను వదిలేసేది ఇక్కడే. ఆ మోడ్‌లోకి వెళ్లగానే మామూలు ఫుల్ పవర్‌తో పోలిస్తే సుమారు రెండు స్టాపులు పోతాయి (ఒక స్టాపు తగ్గడమంటే వెలుతురు సగం కావడం). ఆపైన షట్టర్ స్పీడ్ రెట్టింపు చేసిన ప్రతిసారీ ఎండతో పాటు ఫ్లాష్ వెలుతురు కూడా సగమవుతుంది కనుక, నేపథ్యాన్ని చీకటి చేసి ముఖాన్ని వెలిగించడానికి షట్టర్ స్పీడ్ పెంచడం ఇక్కడ పనికిరాదు. ఫ్లాష్‌ను దగ్గరకు జరపండి. దూరం సగమైతే వెలుతురు నాలుగింతలు, అంటే పోయిన రెండు స్టాపులూ తిరిగి వస్తాయి. ఇంకొక హెచ్‌ఎస్‌ఎస్ ఫ్లాష్ కొన్నా దక్కేది ఒక్క స్టాపే. వరుసగా తీస్తే ఫ్లాష్ త్వరగా వేడెక్కుతుంది, నడుమ విరామం ఇవ్వండి.

జవాబు 3

మనిషి కదలకుండా నిలబడితే అసలు హెచ్‌ఎస్‌ఎస్ ఎందుకు? నాలుగు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే, వెలుతురును తగ్గించే ముదురు గాజు) పెడితే 1/3200 కాస్తా 1/200కు దిగివస్తుంది, అపర్చర్ ఎఫ్/2.8 దగ్గరే ఉంటుంది. ఫిల్టర్ కూడా ఎండను, ఫ్లాష్‌ను ఒకే పాళ్లలో తగ్గిస్తుందన్నది నిజమే. కానీ మోడ్ మారినందువల్ల పోయే ఆ రెండు స్టాపులు మిగులుతాయి, మీ మాన్యువల్ ఫ్లాష్ కూడా పనిలోకి వస్తుంది. ఆప్టికల్ వ్యూఫైండర్ బాగా చీకటిగా ఉంటుంది కాబట్టి, ఫోకస్ చేసుకున్న తరువాత ఫిల్టర్ బిగించండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఫిల్టర్‌తో 1/200 దగ్గర రెండు ఫ్లాష్‌లూ ఫ్రేమంతా వెలిగించాయి, పట్టీ లేదు. పరుగెత్తే పిల్లవాడి చిత్రాలకు మాత్రం 1/200 చాలక, కాళ్లు చేతులు చెదిరిపోయాయి. వాటికి ఫిల్టర్ తీసేసి, టీటీఎల్ ఫ్లాష్ ఒక్కదానినే మీటరు దూరానికి తెచ్చి హెచ్‌ఎస్‌ఎస్‌లో తీశాను. ఈసారి పవర్ సరిపోయింది.