తలకి రెండు వేలు పెట్టి పచ్చిచేప: ఏషియన్-పెరూవియన్ తిండి అసలైన వంటేనా, మెనూ కార్డు గారడీనా?

బడాబజార్ అబ్బాయి:
బెంగళూరులో మా తమ్ముడు ప్రమోషన్ పార్టీ అని ఒక ఏషియన్-పెరూవియన్ రెస్టారెంటుకి తీసుకెళ్లాడు. పేరు అనవసరం. నలుగురం తిన్నాం, బిల్లు తొమ్మిది వేలు దాటింది. బాగుందని మన బరంపురం గ్రూపులో ఫొటోలు పెట్టానో లేదో, ఒకటే వెక్కిరింపు. చైనా, జపాన్, పెరూ ముగ్గురూ కలిసి నీకు టోపీ పెట్టార్రా అని ఒకరు, ఉడకని చేపకి అంత డబ్బా అని ఇంకొకరు. అక్కడ తేలలేదు, ఇక్కడ తేల్చుకుందాం.

నేననేది ఏంటంటే, ఇది హోటలోడు ఏసీ గదిలో కూర్చుని కల్పించిన వంట కాదు. 1849 నుంచి పాతికేళ్లలో దాదాపు లక్షమంది చైనా కూలీలు దక్షిణ అమెరికాలోని పెరూ వెళ్లారు. చెరకు తోటల్లో, రైలు పట్టాల పనుల్లో, సముద్రం మధ్య దీవుల్లో పక్షి రెట్టని ఎరువు కోసం తవ్వే పనిలో. ఒప్పందం తీరి బతికి బయటపడ్డవాళ్లలో కొందరు లిమా నగరంలో చిన్న చిన్న హోటళ్లు పెట్టుకున్నారు. సోయా సాస్ వాళ్లది, పెద్ద మంట మీద బాణలి తిప్పే పనితనం వాళ్లది, మిగతా సరుకంతా ఆ ఊరిది. లోమో సాల్తాదో అలా పుట్టిందే: గొడ్డుమాంసం, ఉల్లి, టమాటా సోయా సాస్ పోసి గబగబా వేయించి, పక్కన బంగాళాదుంప వేపుడూ అన్నమూ రెండూ పెడతారు. మాకు ఇక్కడ చికెన్‌తో ఇచ్చారనుకోండి.

జపాన్ వాళ్లు 1899లో సకురా మారు అనే ఓడలో 790 మంది దిగారు, వాళ్లూ తోటల కూలికే. సెవిచే అని పెరూ వాళ్లది ఒకటుంది, పచ్చిచేప ముక్కల మీద నిమ్మరసం, ఉప్పు, మిరప, సన్నగా తరిగిన ఉల్లి. పూర్వం గంటల తరబడి నానబెట్టేవారట, జపాన్ వాళ్ల చెయ్యి పడ్డాక అది నిమిషాల్లోకి వచ్చింది. తిరాదితో అయితే మరీను, చేపని సాషిమిలా, అంటే జపాన్ వాళ్లు పచ్చిచేపని కోసినట్టు పల్చగా కోసి, ఉల్లి లేకుండా, పైన పుల్లటి కారం సాస్ పోసి ఇచ్చేస్తారు. దీన్నంతా నిక్కెయ్ వంట అంటారు. లిమాలో మైదో అనే నిక్కెయ్ రెస్టారెంటు 2025లో ప్రపంచంలోని 50 ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలో మొదటి స్థానం కొట్టింది. దీన్ని గారడీ అంటే నేను ఒప్పుకోను.

రాయగడ రైలు:
అన్నా, చరిత్ర బాగుంది, కడుపు నిండొద్దా మరి? నేనూ హైదరాబాద్‌లో ఇలాంటిచోటే తిన్నాను, ఆఫీసు ఖర్చు కాబట్టి. వెడల్పాటి పళ్లెం మధ్యలో గుప్పెడు చేప, చుట్టూ పుల్లటి నీళ్లు, మీద ఒక పువ్వు. కౌసా అని ఇంకోటి తెచ్చారు. ఉడికిన బంగాళాదుంపని మెత్తగా మెదిపి, నిమ్మరసం, పసుపు మిరప ముద్ద కలిపి, మధ్యలో పీత మాంసం కూరి చల్లగా ఇచ్చారు. మన ఆలూ చకటాని గుండ్రటి అచ్చులో పెట్టి తీసినట్టుంది, ఆవనూనె ఒక్కటే తక్కువ, ఆరు వందల యాభై! ఇంట్లో పఖాల (చద్దన్నం) పక్కన అమ్మ అడక్కుండానే వేస్తుంది అది.

ఆఖర్న చౌఫా వచ్చింది. ఫ్రైడ్ రైసే గురూ, ఇంకేం కాదు. గుడ్డు, ఉల్లికాడ, అల్లం, సోయా సాస్. బస్టాండు దగ్గర బండి మీద ఎనభై రూపాయలకి అదే మంట, అదే చప్పుడు. పేరు మారిస్తే రేటు ఏడు వందలైపోతుందా? మన గోబీ మంచూరియా కూడా ఇక్కడి చైనీయుల హోటళ్ల దారిలో పుట్టిందే, దాని ముందు నిలబడి వెయిటర్ ఎవడైనా రెండు నిమిషాలు ప్రసంగం చేస్తాడా?

జైపూర్ మాస్టారు:
తిరకాసు వంటలో లేదు బాబూ, బోర్డులో ఉంది. చైనా వాళ్లు పెరూలో వండింది చీఫా. జపాన్ వాళ్లది నిక్కెయ్. ఈ రెండూ తరాలుగా జనం తింటున్నవి. మరి మన నగరాల మెనూ తీస్తే సెవిచే పక్కనే థాయ్ గ్రీన్ కర్రీ, కొరియా కిమ్చీ, ఒక్కోచోట బటర్ చికెన్ బావో కూడా కనిపిస్తాయి. పెరూ తోటలకి థాయ్‌లాండ్ నుంచి కూలీల ఓడలేవీ వెళ్లలేదు కదా. ఏషియన్ అని రాసేస్తే ఏదైనా దూర్చొచ్చు, మీరు చెప్పే 1849, 1899 కథలు దానికి కూడా అరువిస్తున్నారు. నోబు మత్సుహిసా అనే వంటవాడు 1973లో టోక్యో నుంచి లిమా వెళ్లి, అక్కడి మిరపలు, కొత్తిమీర జపాన్ చేపకి కలపడం నేర్చి, 1994లో న్యూయార్క్‌లో నోబు అనే రెస్టారెంటు తెరిచాడు. మన నగరాలకి వచ్చింది ఎక్కువగా ఆ న్యూయార్క్ దారినే అని నా అంచనా, లిమా వీధుల్లోంచి కాదు.

ఇంకోటి. ఈ కథ చెప్పేవాళ్లు చేదు భాగం వదిలేస్తారు. 1940లో లిమాలో జనం జపాన్ వాళ్ల దుకాణాల మీద పడి దోచారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో దాదాపు 1,800 మందిని పట్టుకుని అమెరికా నిర్బంధ శిబిరాలకి పంపేశారు. వాళ్ల వంట తింటూనే చేశారు ఇదంతా. మళ్లీ 1990లో అదే దేశానికి జపాన్ మూలాలున్న ఫుజిమోరి అధ్యక్షుడయ్యాడు, ఆయన పాలన సంగతి వేరే చర్చలో మాట్లాడుకోవాలి, ఇక్కడ మొదలెడితే తెల్లారిపోతుంది.

పర్లాకిమిడి పిన్ని:
చరిత్ర మీరూ మీరూ తేల్చుకోండి, నాకు ఒక్కటి చెప్పండి. మా అమ్మాయి వీడియో చూసి, ఆదివారం గోపాల్‌పూర్ నుంచి కోనెం తెప్పించి సెవిచే చేస్తానని కూర్చుంది. నిమ్మరసంలోనే ఉడికిపోతుందట. నిజమేనా? నాకు తలుచుకుంటేనే వికారంగా ఉంది. ఆ దేశపు కారం మన కారంలా ఉంటుందా అని కూడా అడుగుతోంది.

ఒడ్డు కుర్రోడు:
వద్దు పిన్నీ. మాది గోపాల్‌పూర్‌లో వాడబలిజల ఇల్లు, ఇప్పుడు నేను రొయ్యల ఎక్స్‌పోర్ట్ ప్లాంటులో క్వాలిటీ సెక్షన్‌లో చేస్తున్నా. నిమ్మరసం పడితే చేప తెల్లబడి గట్టిపడుతుంది, చూడ్డానికి ఉడికినట్టే ఉంటుంది, లోపలుండే పురుగులు మాత్రం చావవు, క్రిములు చస్తాయని కూడా నమ్మడానికి లేదు. పచ్చిగా తినే చేపని -20 డిగ్రీల్లో 7 రోజులు, లేదంటే -35 దగ్గర గడ్డకట్టించి అక్కడే 15 గంటలు ఉంచాలని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతుంది. ఇంట్లో ఫ్రిజ్ పైఅరకి అంత చలి ఉండదు, కరెంటు పోతే ఉన్నదీ పోతుంది. అంత చేసినా చచ్చేది పురుగులే, బ్యాక్టీరియా చలికి ఊరుకుంటుందంతే. పైగా కోనెం, సూర, కానాగంత లాంటివి ఎండలో ఉండిపోతే హిస్టమైన్ అనే విషం లాంటిది తయారవుతుంది, దాన్ని నిమ్మకాయ ఏమీ చెయ్యలేదు, పులుసులో మరగబెట్టినా పోదు. పడవలోకి పడ్డ దగ్గర్నుంచీ ఐసు ఉండాలి, మన ఒడ్డున ఆ ఐసు ఎంత ఆలస్యంగా వస్తుందో నాకు తెలుసు. పుట్టిందగ్గర్నుంచి సముద్రం మీదే బతికిన మా తాత కూడా పచ్చిచేప నోట్లో పెట్టలేదు.

పిల్లకి అంత ముచ్చటగా ఉంటే రొయ్యలు ఉడికించి, చల్లార్చి, నిమ్మరసం, ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర కలపమనండి. అక్కడ రొయ్యల సెవిచే అలా ఉడికించి చేసేదే.

రాయగడ అన్నా, నీ గుప్పెడు చేప సంగతి కూడా ఇదే. ఆ గడ్డకట్టించడం, తెచ్చినంతసేపూ చలి తప్పకుండా చూడ్డం, సాయంత్రానికి మిగిలింది పారెయ్యడం, ఇవన్నీ ప్లేటు రేటులో ఉంటాయి. ఇవేవీ చెయ్యకుండా చవగ్గా సెవిచే పెట్టేవాడు దొరికితే నేనైతే అక్కణ్నుంచి లేచి వచ్చేస్తా. చౌఫా విషయంలో మాత్రం నీ మాటే నా మాట.

బడాబజార్ అబ్బాయి:
పిన్నీ, కారం సంగతి నేను చెప్తా. అహీ అమరియో అనే మిరప వాళ్ల వంటకి ప్రాణం. పండితే నారింజ పసుపు, కారం ఉంటుంది గానీ గుంటూరు మిరపలా నాలుక మీద కొట్టదు, పండు వాసన ముందొస్తుంది. ఇక్కడి రెస్టారెంట్లలో ఎక్కువగా సీసాలో వచ్చే ముద్దే వాడతారు. అసలు మిరప, బంగాళాదుంప, టమాటా మూడూ అమెరికా ఖండాల నుంచే మన దాకా వచ్చాయి, పోర్చుగీసు వాళ్ల ఓడలు రాకముందు మన పచ్చళ్లలో మిరపకాయే లేదు. నిమ్మజాతి కాయలు అటు స్పెయిన్ వాళ్లతో పెరూ వెళ్లాయి. అంటే ఇంత పేరున్న సెవిచేలో నిమ్మ కూడా వలస వచ్చిందే.

మాస్టారూ, థాయ్ కర్రీ పక్కన అచ్చయినంత మాత్రాన సెవిచే అబద్ధం అయిపోదు కదా. మెనూలో ఏది తినాలో తెలిసి తినేవాడికి బోర్డుతో పనేముంది?

రాయగడ రైలు:
తెలిసి తినాలంటే ముందు తెలియాలి కదా, అక్కడే వాడు డబ్బు లాగుతాడు. సరే, నాకు ఇదొక్కటి చెప్పు. మన గంజాం, విశాఖ జిల్లాల నుంచి వేలకి వేలు జనం రంగూన్ వెళ్లారు, గోపాల్‌పూర్‌లోనే స్టీమరెక్కేవారు, అక్కడ బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలి చేసేవారు. మా ముత్తాత కూడా వాళ్లలో ఒకడు. బర్మా నుంచి తిరిగొచ్చిన తమిళులు చెన్నై బర్మా బజార్ దగ్గర అత్తో నూడుల్స్ బండ్లు పెట్టుకున్నారు, ఇప్పటికీ నడుస్తున్నాయి. నువ్వు చెప్పిన కథే అది కూడా, కూలీలు, ఓడలు, రెండు దేశాల రుచీ. నిలబడి తింటే వంద రూపాయల లోపు తేలిపోతుంది. కూలీల కథకి వందలకి వందలు ఎప్పుడు కట్టాలో ఎవడు నిర్ణయిస్తున్నాడు? న్యూయార్క్ వాడు తిన్నాక మన దగ్గరికి వస్తే రేటొచ్చింది, నేరుగా బర్మా నుంచి వస్తే బండి మీదే ఉండిపోయింది. నా కడుపుమంట అది, చేప మీద కాదు.

జైపూర్ మాస్టారు:
ఇది సరైన ప్రశ్న. లిమాలో కూడా మామూలు చీఫా హోటళ్లు వీధివీధికీ ఉంటాయి, కుటుంబాలు ఆదివారం వెళ్లి చవగ్గా కడుపునిండా తినొస్తాయి. ఆ రకం మనకి రాలేదు, తెల్లగుడ్డ పరిచిన రకమే వచ్చింది.

బడాబజార్ అబ్బాయి:
రేటు విషయంలో కాదనను. అత్తోకి కూడా కుర్చీ వెయ్యాల్సిందే, దానికోసం సెవిచేని కిందికి లాగక్కర్లేదు. మళ్లీ వెళ్తే నేను చేసేది ఇది: సెవిచే, తిరాదితో, ఈ రెండింటికీ డబ్బు పెడతా, అవి ఇంట్లో చేసుకోలేను, ఎందుకో ఒడ్డు కుర్రోడు చెప్పాడు. కౌసా ఒకటి తెప్పించి నలుగురం పంచుకుంటాం. చౌఫా మాత్రం ఆర్డర్ చెయ్యను, ఆకలి మిగిలితే బయటికొచ్చి దోసె తింటాం.

రాయగడ రైలు:
హహ, ఆ దోసె బిల్లు కూడా ఇక్కడ పెట్టు. అన్నట్టు తొమ్మిది వేలల్లో సర్వీస్ ఛార్జ్ ఎంత?

బడాబజార్ అబ్బాయి:
పది శాతం వేశాడు. తీసెయ్యమన్నాను. జీఎస్టీ కట్టాల్సిందే, సర్వీస్ ఛార్జ్ మాత్రం అడక్కుండా బిల్లులో కలపకూడదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తమ్ముడు సిగ్గుతో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు గానీ ఎనిమిది వందల చిల్లర తగ్గింది. వడ్డించిన కుర్రాడికి వేరే చేతికిచ్చాం.

పర్లాకిమిడి పిన్ని:
మా ఇంట్లో ఉడికించిన రొయ్యలకి ఒప్పుకుంది. ఉల్లి ముందే కలిపి ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

ఒడ్డు కుర్రోడు:
వద్దు పిన్నీ, నీళ్లూరుతుంది. సన్నగా తరిగి ఐసు నీళ్లలో పది నిమిషాలు ఉంచి, వడకట్టి, తినే ముందు కలపండి. రొయ్య మీద నిమ్మరసం కూడా అప్పుడే.